దక్షిణపు వాలు

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ళ దగ్గర నోరు విప్పగలిగిన సంగతే అయితే ఇన్నేళ్ళు మోసేవాణ్ణి కాదు. మోశానంటే నిద్రాహారాలు మానేశానని అనుకోకండి. ఆఫీసుకు వెళ్ళాను, ప్రమోషన్ తీసుకున్నాను, పిల్లల్ని శనివారం శనివారం క్రికెట్‌కు తిప్పాను. చూసేవాళ్ళకు నా మీద బరువేదో ఉన్నట్టే కనిపించలేదు. కానీ ఆగస్టు పోయి సెప్టెంబర్ వచ్చేసరికి, అంటే ఈ ఆస్ట్రేలియాలో వసంతం మొదలయ్యేసరికి, కాన్‌బెర్రాలో మా వీధి పొడుగునా వాటిల్ చెట్లు పసుపుపచ్చగా పూసేసరికి, నాకు తిన్నది అరగదు. మా ఆవిడ అది పూల ఎలర్జీ అనుకుని మాత్రలు తెచ్చిపెడుతుంది. వేసుకుంటాను.

సంగతి ఇది. నేనొక మనిషిని తెలిసి తెలిసి మంచుగడ్డ మీదికి పంపాను. వాడు నా స్నేహితుడు. బతికే ఉన్నాడు. కుంటుతాడు. ఆ తప్పు తనదేనని ఈ రోజుకీ నమ్ముతున్నాడు.

వాడి అసలు పేరు రాయను. మురళి అనుకోండి. ఇద్దరిదీ గుంటూరు వైపే. ఒకే డిపార్ట్‌మెంటులో, ఒకే అంతస్తులో పని. పరిచయమైన వారానికే బావా అంటే బావా అనుకున్నాం. కాన్‌బెర్రాలో మన తెలుగువాళ్ళంతా వీకెండొస్తే ఒకరింట్లో బార్బెక్యూ, ఇంకొకరింట్లో సత్యనారాయణ వ్రతం. నాకు మాత్రం మంచు పిచ్చి పట్టింది. ఎలా పట్టిందో చెప్పలేను. ఎండకు పుట్టి పెరిగినవాడికి అలా పడుతుందేమో. స్కీయింగ్ నేర్చుకోవడానికి చిన్నపిల్లల క్లాసులో నిలబడ్డాను. నా మోకాలెత్తు లేని పిల్లలు పక్కనుంచి జారిపోతుంటే నేను కూర్చున్నచోటు నుంచి లేవలేక చేతులు చాచేవాణ్ణి. అలా పడీ లేచీ, నడుం పట్టేసీ, చివరికి టూరింగ్ దాకా వచ్చాను. టూరింగంటే కొండపైకి మోసుకెళ్ళే లిఫ్టులుండవు. స్కీల అడుగున బొచ్చు పట్టీలు అంటించుకుంటే అవి వెనక్కి జారకుండా పట్టుకుంటాయి. వాటితో పొద్దున్నంతా కొండెక్కడం, పైన పట్టీలు పీకేసి దిగడం, చీకటి పడేసరికి ఇంటికి చేరడం. అంతే.

దీనికి వసంతకాలమే మంచి అదను. రాత్రికి మంచంతా గడ్డకడుతుంది. పొద్దెక్కేకొద్దీ ఎండ తగిలిన వాలు పైపైన మెత్తబడుతుంది, దాని మీద దిగుతుంటే స్కీలు చెప్పినమాట వింటాయి. ఎండ సరిగ్గా తగలని వాలు మాత్రం మధ్యాహ్నమైనా గాజే. ఏ వాలు ఎప్పుడు మెత్తబడుతుందో తెలుసుకోవడమే ఇందులో ఉన్న విద్యంతా. ఆ విద్య నాకు ఇక్కడి ముసలి ఇన్‌స్ట్రక్టర్ ఒకాయన దగ్గరుండి నేర్పాడు.

మురళిని కొండకు తీసుకెళ్ళింది నేనే. బూట్లు ఎలా బిగించుకోవాలో కూడా నేనే చూపించాను. వాడు రెండు సీజన్లు తిరిగేసరికి నన్ను దాటిపోయాడు. కాళ్ళు అలాంటివి. భయం లేదు. నేను పదిసార్లు ఆలోచించి తిరిగే మలుపును వాడు మాట్లాడుతూ తిరిగేవాడు. దానికి నేనేమీ బాధపడలేదని అప్పట్లో అనుకునేవాణ్ణి. అబద్ధం. బాధపడ్డాను. ప్రతిసారీ పడ్డాను. పైగా వాడు నలుగురిలో చెప్పే తీరొకటి ఉండేది. "మావాడా? వెనకాల పులిహోర డబ్బా మోసుకుంటూ వస్తుంటాడు." నిజంగానే మోసేవాణ్ణి. మా ఆవిడ చేసిచ్చేది, వాడు తినేవాడు. అందరూ నవ్వేవాళ్ళు, నేనూ నవ్వేవాణ్ణి. నవ్వకపోతే రోషం తెలిసిపోతుందని.

ఒకసారి ఇక్కడి తెలుగువాళ్ళొకరి ఇంట్లో గృహప్రవేశం. భోజనాల దగ్గర వాస్తు మాటొచ్చింది. ఈ దేశంలో సూర్యుడు ఉత్తరం వైపునుంచి తిరుగుతాడు కదా, మరి వాస్తు కూడా తిరగేసి చూడాలా వద్దా అని. ఆస్ట్రేలియాలో ఇల్లు కొన్న ప్రతి తెలుగువాడి ఇంట్లోనూ ఒకసారి జరిగే వాదనే ఇది. మురళికి వాస్తు మీద గురి. దిక్కులు దిక్కులేననీ, దేశం మారినంత మాత్రాన మారవనీ వాడు తేల్చేశాడు. నేను ఊరుకోలేక, ఎండ సంగతైతే మారుతుంది కదా, అక్కడ దక్షిణపు గోడకు కాసే ఎండ ఇక్కడ ఉత్తరపు గోడకు కాస్తుంది అని మొదలుపెట్టాను. వాడు నా మాట పూర్తి కానివ్వలేదు. "ఒరే, నువ్వు పులిహోర తిను" అన్నాడు. పందిరి కింద ఉన్నవాళ్ళంతా పగలబడి నవ్వారు. మా ఆవిడ కూడా నవ్వింది.

ఇంత చిన్న మాటా? అవును, ఇంత చిన్న మాటే. మీరు ఇంకేదో పెద్ద కారణం కోసం చూస్తున్నట్టయితే, లేదు. నేనూ వెతికాను. వాడు నాకు ద్రోహం చేసుంటే బాగుండేదని, నా ఇంటి మీద కన్నేసుంటే బాగుండేదని కూడా అనుకున్నాను. వాడేమీ చెయ్యలేదు. నాకు జ్వరమొస్తే చారన్నం పట్టుకొచ్చేవాడు.

ఆ వసంతంలో ప్లానింగంతా వాడు చేతిలోకి తీసుకున్నాడు. అప్పటిదాకా ఏ వాలు దిగాలో నేను చూసేవాణ్ణి. కాళ్ళలో వాడికి సాటి రాకపోయినా అదొక్కటి నాది. అదీ లాక్కున్నాడు. ఇంటర్నెట్‌లో అమెరికా కుర్రాళ్ళ వీడియోలు చూసి, ఫోన్లో మ్యాపు మీద గీతలు గీసుకుని వచ్చేవాడు. ఆ రోజు తెల్లవారుజామునే బయల్దేరి, కొండల దారిలో కూమా అనే ఊళ్ళో కాఫీకి ఆగాం. ఫోను నా ముందు పెట్టి గర్వంగా గీత చూపించాడు. ఎక్కడం ఉత్తరం వైపునుంచి, దిగడం దక్షిణపు వాలు మీదుగా. దక్షిణపు వాలే ముందు మెత్తబడుతుందని వీడియోలో చెప్పారట. అక్కడ అది నిజం. ఇక్కడ సరిగ్గా తలకిందులు. ఉత్తరం ఎండ కోసం హాలు అటు తిప్పి కట్టించుకున్న మనిషి వాడు. ఇల్లు వేరు, కొండ వేరు అన్నట్టు ఆ రెండు తెలివితేటలూ వాడి బుర్రలో ఒకదాన్నొకటి ఎప్పుడూ కలుసుకోలేదు.

కూమాలోనే చెప్పొచ్చు. కాఫీ చల్లారేలోగా చెప్పేయొచ్చు. బావా, తప్పు గీశావు, ఇటు తిప్పు అంటే అయిపోయేది. ఎందుకు చెప్పలేదు? చెప్తే మళ్ళీ నవ్వుతాడనా? కాదు. ఈసారి నవ్వడు, నాకు తెలుసు. మ్యాపు చూసుకుని నాలుక్కరుచుకుని, భలే పట్టావ్ బావా అనేవాడు. వాడు అలాంటివాడే. నాకు ఆ మెచ్చుకోలు వద్దు. వాడు కొండ మీద బోర్లా పడాలి, ఆ ముఖం నేను చూడాలి, తర్వాత వచ్చే బార్బెక్యూలో నేను మాట్లాడాలి, వాడు పులిహోర తినాలి. బాగుంది గీత, అన్నాను.

జిండబైన్ ఊరు దాటి కారాపి ఎక్కడం మొదలుపెట్టాం. అంత అందమైన పొద్దు నేను మళ్ళీ చూడలేదు. గాలి లేదు. మంచు కింద ఎక్కడో వాగు పారుతున్న చప్పుడు. మేమెక్కుతున్న ఉత్తరపు వైపు అప్పుడప్పుడే మెత్తబడుతోంది. అది చూసి మురళికి ఇంకా ధీమా వచ్చింది. ఇటే ఇలా ఉంటే అటు ఇంకెంత బాగుంటుందో అని ముందు నడుస్తూ వెనక్కి కేకేశాడు. నేను వెనకాల డబ్బా మోసుకుంటూ, ఔనౌనంటూ ఎక్కాను.

శిఖరం మీద వాడు కూర్చుని పట్టీలు పీకి మడుస్తున్నాడు. నేను నీళ్ళు తాగే నెపంతో అంచు దాకా వెళ్ళాను. ఆ వాలు మీద వెలుగు ఉంది, వేడి లేదు. చేతిలోని స్కీ కర్ర, అదే పోల్, ఎత్తి గుచ్చాను. దిగలేదు. టంగుమంది. ఇంకోచోట గుచ్చాను. అక్కడా అంతే. కింద మంచు కరిగి బయటపడ్డ రాళ్ళున్నాయి. రాళ్ళు నాకు కనిపించలేదని చాలా ఏళ్ళు నాకు నేనే చెప్పుకుంటూ వచ్చాను. ఇప్పుడు కూడా అదే రాయబోయాను. కనిపించాయి. నల్లగా, స్పష్టంగా కనిపించాయి.

తిరిగొచ్చాను.

"అటు పోయావుగా బావా, ఎట్టా ఉంది?" అన్నాడు మురళి.

"అంచు దాకా పోలేదు."

"మెత్తబడే ఉండాల్లే. సౌత్ ఫేసింగ్ కదా." స్కీలు తొడుక్కుని అంచుకొచ్చి ఒక్క క్షణం ఆగాడు. "ఎందుకో డౌట్‌గా ఉంది రా. ఒకసారి గుచ్చి చూద్దామా?"

"నీకు తెలియనిదేముంది బావా," అన్నాను. "పద, నేను వీడియో తీస్తా."

ఇదీ మా ఇద్దరి మధ్య జరిగింది. ఇంతకుమించి ఒక్క మాట లేదు. పెద్దల్ని, పండితుల్ని, అత్తారింటివాళ్ళని గౌరవంగా తప్పించుకోవడానికి మనవాళ్ళు రోజూ అనే మాటే కదా అది. వాడు దాన్ని గౌరవమనే తీసుకున్నాడు. ముఖం వెలిగింది. నలుగురిలో నా నోరు మూయించిన మనిషి, నేను ఒప్పుకున్నందుకు చిన్నపిల్లాడిలా సంతోషపడ్డాడు. ఆ సంతోషంలో డౌటు మర్చిపోయి దిగాడు.

మొదటి మలుపులోనే స్కీ అంచు పట్టలేదు. గరగరమని చప్పుడు, తుంటి మీద పడ్డాడు. నేను నవ్వాను. లోపల కాదు, పైకే. చేతిలో ఫోనుంది. వాడు జారుతున్నాడు, ఆగుతాడనుకున్నాను, ఆగలేదు, ఒక స్కీ ఊడి ఎగిరిపోయింది, చేతులతో మంచును పట్టుకోవాలని చూస్తున్నాడు, మంచు వాడికి పట్టు ఇవ్వడం లేదు, అప్పటికి కూడా నా ముఖం మీద నవ్వు ఇంకా ఉంది, దాన్ని తీసేయడం నాకు చేతకాలేదు. తర్వాత రాళ్ళ దగ్గర చప్పుడు. తర్వాత కేక.

నేను ఆ వాలు దిగలేదు. అది ఐసని నాకు తెలుసు కదా. వచ్చిన దారినే కొంతదూరం దిగి, కొండ చుట్టూ తిరిగి, మెత్తటి మంచు మీదుగా జాగ్రత్తగా వెళ్ళాను. చాలాసేపు పట్టింది. అంతసేపూ వాడి కేకలు వినిపించాయి, కాసేపటికి వినిపించడం మానేశాయి. వినిపించనప్పుడు భయం వేసింది. వాడి కోసమా, నా కోసమా? రెండూ అనుకుంటాను. సగం సగం అని మాత్రం అనలేను.

వాడి తొడ వంకరగా ఉంది. పెదాలు నీలంగా ఉన్నాయి. నన్ను చూడగానే సారీ చెప్పాడు. నీ రోజు పాడుచేశాను రా అన్నాడు. నొక్కితే రక్షణ దళానికి కబురందించే ఎమర్జెన్సీ బీకన్ వాడి సంచిలోనే ఉంది. ఎందుకైనా మంచిదని వాడు కొన్నదే. తీసి నొక్కాను. హెలికాప్టర్ వచ్చేదాకా వాడి తల నా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. వాడు మత్తుగా, దక్షిణం రా, దక్షిణం, ఎంత వెధవనిరా అని గొణుగుతూనే ఉన్నాడు. అప్పుడు చెప్పొచ్చు. అప్పుడూ చెప్పలేదు.

హాస్పిటల్లో వాడి భార్య నా రెండు చేతులూ పట్టుకుని, అన్నయ్యగారూ మీరు లేకపోతే ఏమైపోయేవారో అని ఏడ్చింది. మురళి మంచం మీదనుంచే అందరికీ చెప్పాడు: మావాడు తెలివిగా చుట్టూ తిరిగొచ్చాడు కాబట్టి సరిపోయింది, నా వెనకే దిగుంటే ఇద్దరం పోయేవాళ్ళం అని. తెలివిగా ఎలా తిరిగొచ్చావు, నీకెలా తెలిసింది అని ఒక్కరూ అడగలేదు. ఒక్కరడిగినా చెప్పేసేవాణ్ణేమో. లేదు, ఇంకో అబద్ధం సిద్ధం చేసుకునేవాణ్ణి.

మీరు ఇక్కడితో అయిపోయిందనుకుంటారు. ఇక్కడిదాకా చేసింది ఒక్క నిమిషపు దుర్మార్గం. తర్వాత చేసింది ఏళ్ళ తరబడి.

వాడు కర్రపట్టుకుని మొదటిసారి బార్బెక్యూకి వచ్చిన రోజు అందరూ ఏమైందని అడిగారు. నేను చెప్పాను. బాగా చెప్పాను. వాస్తు పండితుడు దిక్కు తప్పిన కథ. అమెరికా వీడియో, కూమాలో కాఫీ, దక్షిణపు వాలు, ఎక్కడ ఆపాలో అక్కడ ఆపి, ఎక్కడ గొంతు మార్చాలో అక్కడ మార్చి. జనం కళ్ళనీళ్ళు పెట్టుకుని నవ్వారు. మురళి కూడా నవ్వాడు. ఆ తర్వాత ఎవరు కొత్తగా కాన్‌బెర్రా వచ్చినా, బావా ఆ కథ చెప్పు అని వాడే నన్ను అడిగేవాడు. నేను చెప్పేవాణ్ణి. మొదట్లో వాడి భార్య నవ్వేది. తర్వాత నవ్వడం మానేసింది. ఇప్పుడు కారు నడిపేటప్పుడు ఎడమకా కుడికా అని వాడు తడబడితే చాలు, మీకు దిక్కులు తెలిస్తే మనకీ గతి ఎందుకు అంటుంది. పిల్లల ముందే అంటుంది.

కాలు విరిగిన మనుషుల్ని చాలామందిని చూశాను. మురళికి విరిగింది కాలొక్కటే కాదు. ఏ మాటకైనా ముందు గొంతెత్తే మనిషి, ఇప్పుడు మీటింగులో చెయ్యెత్తే ముందు నా వైపు చూస్తాడు. కారు మార్చాలంటే నన్నడుగుతాడు. కూతురికి ఏ స్కూలో నన్నడుగుతాడు. బ్రిస్బేన్‌లో మంచి ఉద్యోగం వస్తే, వెళ్ళనా బావా అన్నాడు. ఆ కాలితో కొత్త ఊళ్ళో ఎందుకు అన్నాను. అది వాడి మంచి కోసం అన్న మాట కాదు. వాడు వెళ్ళిపోతే నన్ను అలా చూసేవాళ్ళెవరు? ఆ ఉద్యోగం వదిలేశాడు. నాకు థాంక్స్ చెప్పాడు.

ఈ వసంతంలో మురళి ఫోన్ చేశాడు. ఫిజియో సరేనందట. తేలికైన వాలు మీద ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి దిగాలని ఉందట. ఇంట్లో భార్య ఒప్పుకోవడం లేదట. నువ్వు వస్తానంటే ఒప్పుకుంటుంది, నువ్వు ఎక్కడ దిగమంటే అక్కడే దిగుతా అన్నాడు. తీసుకెళ్ళాను. వాడు ఎక్కుతూ పదిసార్లు ఆగాడు. పిల్లలు ఆడుకునేంత చదునైన వాలు. ఉత్తరం వైపుది. పోల్ తాకితే దిగిపోతోంది. వాడు పైన నిలబడి, కింద మంచును చూడలేదు. నన్ను చూశాడు. నేను తల ఊపేదాకా కదల్లేదు.

దారిపొడుగునా ఇవాళ చెప్పేయాలని అనుకుంటూనే వచ్చాను. చుట్టూ ఎవరూ లేరు. వాడు నా ఎదురుగా ఉన్నాడు. చెప్పాల్సింది చాలా కొంచెం: ఆ రోజు నీకు వచ్చిన డౌటు నిజం, నేను గుచ్చి చూశాను, ఐసని తెలిసే పంపాను. అంతే. నోటిదాకా వచ్చింది.

తల ఊపాను. వాడు దిగాడు. ఒక కాలు తడబడుతున్నా నాలుగు మలుపులు తిరిగి, కింద ఆగి, కర్రలెత్తి అరిచాడు. నేను పక్కకు చేరగానే కౌగిలించుకుని ఏడ్చాడు. నేను వీపు నిమిరాను.

శిక్షకు భయపడి చెప్పలేదని మీరనుకోవచ్చు. నేనూ ఇన్నాళ్ళూ అదే అనుకున్నాను. ఇంత రాశాక అసలు సంగతి కనిపిస్తోంది, రాసేస్తాను. మురళి ఆ రోజు అంచు మీద ఆగాడు. గుచ్చి చూద్దామన్నాడు. మ్యాపు తప్పు గీసినా, మంచు ముందు నిలబడేసరికి వాడి బుద్ధి సరిగ్గానే పనిచేసింది. ఆ మాట వాడికి గుర్తులేదు. నాకే గుర్తుంది. నేను చెబితే వాడి బుద్ధి వాడికి తిరిగొస్తుంది. రేపటినుంచి నా వైపు చూడకుండా దిగుతాడు. అది నాకిష్టం లేదు. ఇప్పటికీ లేదు.

ఇదిగో, మీకు చెప్పాను. పొద్దున మా ఆవిడ పెట్టిన ఉప్మా మొత్తం తిన్నాను, ఇంకాస్త అడిగి వేయించుకున్నాను. క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ చేతిలో ఉన్నది కాదు. అది ఎవరి చేతిలో ఉందో ఆ మనిషి ఇందాకే మెసేజ్ పెట్టాడు. వచ్చే ఆదివారం మళ్ళీ వెళ్దామంటున్నాడు. ఏ వాలో నన్నే ఎంచమన్నాడు. సరేనని రాశాను.